ఎల్లిమడిలో నాలుగు రాళ్లు

నిర్మలాదేవి ఆ రాళ్లను చూసింది పొద్దున చల్ల చిలికే వేళ. వంటింటి వెనుక కిటికీలోంచి చూస్తే, పెరట్లో ఎల్లిగడ్డ, అంటే వెల్లుల్లి, పెట్టిన మడికి నాలుగు మూలల నాలుగు రాళ్లు. నిన్నటిదాకా లేవు. ఎక్కడి నుంచో దొర్లుకొచ్చినవి కావు; జానెడు ఎత్తున నిలబెట్టి పాతి, పైన సున్నం పూసి ఉన్నాయి. సర్వే వాళ్లు పాతే హద్దురాళ్లు అచ్చం ఇట్లాగే ఉంటాయి. కవ్వం తాడు ఆమె చేతిలో ఆగిపోయింది.

గుంటెడు జాగాకు హద్దులా అనుకుంది. అనుకున్నాక ఇక చల్ల మీద మనసు నిలవలేదు. ఆ పూట వెన్న సరిగ్గా పడలేదు. దానికీ ఆ మడి పెట్టిన పనిమనిషి బుచ్చవ్వే కారణమని అక్కడికక్కడే తేల్చేసుకుంది.

అనుమానం పెనుభూతం అంటారు. నిర్మలాదేవి దగ్గర అది భూతం కాదు, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ. పిలవకుండా వస్తుంది, తిష్ఠ వేస్తుంది, వెళ్లమంటే ఇల్లు ఎవరిదంటుంది. ఉట్టి మీద పెరుగుకుండ మూత కొంచెం జరిగితే పిల్లి కంటే ముందు మనిషే గుర్తుకొచ్చేది ఆమెకు. అలాగని చెడ్డ మనిషి కాదు. పోలీస్ యాక్షన్‌కు ముందు గడబిడ రోజుల్లో భర్త జలపతిరావుతో పాటు ఊరు విడిచి, కరీంనగర్‌లో ఏడాదిన్నర తలదాచుకుంది. తిరిగి వచ్చి చూస్తే ఇంటికి తలుపులు లేవు, గుమ్మిలో గింజ లేదు. ఎవరు పట్టుకుపోయారో ఊరంతటికీ తెలుసు, ఆమెకు తప్ప. అప్పటి నుంచి ఎవరు నవ్వుతూ ఎదురొచ్చినా, మా తలుపు వీళ్ల ఇంటికే ఉన్నదేమో అన్నట్టు చూసేది.

ఆ చూపు పడనిది ఒక్క బుచ్చవ్వ మీదనే. బుచ్చవ్వది గోదావరి అవతల, నిర్మల్ దిక్కు ఊరు. ఇక్కడికి కోడలిగా వచ్చింది, పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు. ఆరేళ్లుగా ఈ ఇంట్లోనే వడ్లు దంచుతుంది, చెరుగుతుంది, నీళ్లు చేదుతుంది. అంతకంటే పెద్ద మాట, ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా ముందు ఆమెకే కబురు పోతుంది. మంచి చేతివాసి. నిర్మలాదేవి కూతురు ప్రమోదిని తొలి కాన్పు, పుట్టింటికి బండి కట్టేలోపే, నెల ముందుగా జగిత్యాలలో అత్తవారింట జరిగిపోయింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. “ఈసారి మన ఇంట్లనే, బుచ్చవ్వ చేతులనే. ఆమె లేకుంటే నేను రాను,” అని ఉత్తరం రాసింది. శివరాత్రి వెళ్లగానే వస్తుంది.

ఎల్లిగడ్డ కథ కూడా బాలింతల దగ్గరే మొదలైంది. నేతిలో వేయించిన ఎల్లిగడ్డ తినకపోతే బాలింతకు పాలు పడవని, నడుము నిలవదని బుచ్చవ్వ నమ్మకం. అంగట్లో దొరికేది ఆమెకు ఆనదు. తల్లిగారి ఊరి విత్తనమే కావాలి. సన్నరెబ్బ, ఊదా పొర, ఇక్కడ నలిపితే పక్కింట్లో తెలిసే ఘాటు. కొంగున కట్టుకొని తెచ్చుకున్నది గానీ పెట్టడానికి ఆమె గుడిసెకు పెరడు లేదు. “దొరసానీ, బాయికాడ గుంటెడు జాగ పడావున్నది. ఎల్లిగడ్డ పెడుత. సగం మీకు, సగం నాకు,” అని మూడేళ్ల కింద అడిగింది. నిర్మలాదేవి సరేనంది.

ప్రతి కార్తీకంలో బుచ్చవ్వ మడిని మెత్తగా తవ్వి, బూడిద, చివికిన పెంట కలిపి, రెబ్బల మొన పైకి ఉండేటట్టు ఒక్కొక్కటీ వేలెడు లోతున గుచ్చేది. మాఘం దాకా నీళ్లు, ఆ తర్వాత నీళ్లు బందు. కామునిపున్నమికి ఆకు పండి వాలిపోయాక తవ్వి, నీడన ఆరబెట్టి, జడలల్లి దూలానికి వేలాడదీసేది. ఏడాదంతా చెడేది కాదు.

ఆ పుష్యమాసంలో తమ్ముడు శ్యాంసుందర్‌రావు రాకపోతే అంతా అలాగే సాగేది. కాస్రా పహాణీ రాస్తున్న ఏడు అది. ఊరూరా పట్వారీలు తిరుగుతూ ఏ నెంబరులో ఎవరున్నారు, ఏ పంట ఉన్నది అని కొత్త దస్త్రంలో ఎక్కిస్తున్నారు. శ్యాంసుందర్‌రావు అన్నం కలుపుకుంటూ తన ఊరి సంగతి చెప్పాడు.

“పట్టా ఎవలదని కాదక్కా, ఖబ్జా ఎవలదని సూస్తుండ్రు. మా జీతగాడు చెల్క ముక్కల పెసర్లు ఏసుకుంటనంటే పోనీ అని ఇచ్చిన. ఇప్పుడు వాని పేరెక్కింది. నేను కోర్టు చుట్టు తిరుగుతున్న.”

“అడిగిండని ఇస్తే వాని పేరెక్కుడా?”

“ఏకై వస్తరు, మేకై కూసుంటరు. నువ్వెవలకన్న జాగ ఇచ్చినవా?”

“ఇయ్యలే,” అంది నిర్మలాదేవి. అంటూనే ఆమె కళ్లు వెనుక కిటికీ వైపు పోయాయి.

తమ్ముడు వెళ్లిపోయాడు, మాట మిగిలింది. అప్పటి నుంచి బుచ్చవ్వ ఏ పని చేసినా దానికి వెనుక ఇంకో పని కనిపించసాగింది. ఒకరోజు మడి చుట్టూ తుమ్మకంప తెచ్చి కట్టింది. రెండేళ్లు లేని కంచె ఇప్పుడెందుకు? ఇంకోరోజు వడ్లు దంచుతూ, “పట్వారి ఎప్పుడొస్తడు దొరసానీ?” అని అడిగింది. వడ్లు దంచేదానికి పట్వారీతో ఏం పని? మరి రెండు రోజులకు, “ఈసారి పాలు పంచద్దు. నాకు సగం వద్దు, అంత ఈడనే ఉండనీయుండ్రి,” అన్నది. ఇది విన్నాక నిర్మలాదేవికి నిద్ర కరువైంది. సగం పంట వద్దనే మనిషి, జాగా మొత్తం కావాలనుకుంటేనే అట్లా అంటుంది కదా. సగం అడిగితే ఆశ, అడగకపోతే దురాశ. ఇక ఆ బుచ్చవ్వ ఎట్లా బతకాలో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు రాళ్లు. నిర్మలాదేవి కవ్వం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లింది. బుచ్చవ్వ రోలు కడుగుతున్నది.

“ఏందే ఆ రాళ్లు?”

బుచ్చవ్వ తల ఎత్తింది, మడి వైపు చూసింది, మళ్లీ రోలు వైపు తిరిగింది. “ఏం లేదు దొరసానీ. పంట ఎల్లేదాక ఉండనీయుండ్రి. అటెంక చెప్త.”

“ఇప్పుడు చెప్తే ఏమైతది?”

“చెప్పద్దు.”

అంతే. గట్టిగా ఇంకొక్క మాట అడిగి ఉంటే ఏమయ్యేదో గానీ, నిర్మలాదేవి అడగలేదు. దొంగను నువ్వు దొంగవా అని అడిగితే ఔనంటాడా అని ఆమె లెక్క. చెప్పద్దన్న మాటే చాలు ఆమెకు, రాత్రింబగళ్లు నమలడానికి.

మరునాడే బుచ్చవ్వ సెలవు అడిగింది. “నిర్మల్ పోయొస్త. మా అన్నను సూడక యాడాదైతుంది.”

“నాలుగు దినాలైతే పట్వారి వస్తడు. ఇంటి నిండ పని. ఇప్పుడే పోవాల్నా?”

“చిన్న పనున్నది దొరసానీ. మూడో దినం పొద్దుగూకేసరికి ఈడుంట.”

నిర్మల్‌లో తహశీల్ కచేరీ ఉన్నది, వకీళ్లున్నారు. జిల్లా వేరు, తాలూకా వేరు, అక్కడి వకీలు ఇక్కడి పెరడును ఏం చేస్తాడన్నది నిర్మలాదేవి ఆలోచించలేదు. భర్తను అడుగుదామంటే ఆయన కోర్టు పని మీద కరీంనగర్‌లో ఉన్నాడు. బుచ్చవ్వ మూట నెత్తిన పెట్టుకొని దర్వాజా దాటే వరకు చూసింది. ఆ తర్వాత జీతగాడు రాయమల్లును పిలిచింది.

“ఎల్లిగడ్డ పీకు.”

రాయమల్లు వినబడనట్టు నిలబడ్డాడు. “ఏ ఎల్లిగడ్డ దొరసానీ?”

“పెరట్లది. నాలుగు రాళ్లు గుడ పీకి అవతల పారెయ్యి.”

“ఇంక పచ్చి మీదున్నయి. ఆకు పండలే. ఇరవై దినాలన్న కావాలె. ఇప్పుడు పీకితే పొర రాదు, నిలువ ఉండయి.”

“పంట కనబడద్దు. పట్వారి వచ్చేసరికి ఉత్త భూమి ఉండాలె.”

అప్పటికి గానీ రాయమల్లుకు సంగతి అర్థం కాలేదు. గడ్డం గోక్కున్నాడు. “ఆ రాళ్లు సూసి నేను గుడ హద్దులే అనుకున్న,” అన్నాడు. ఆ మాటతో నిర్మలాదేవికి ఉన్న కొద్దిపాటి సందేహం కూడా పోయింది. తన అనుమానానికి ఇంకొకరు వంత పాడితే అది నిజమైపోయినట్టే మనుషులకు.

రాయమల్లు ముందు కంప లాగాడు. మూలల రాళ్లు పీకి పెంటకుప్ప మీదికి విసిరాడు. అంచు నుంచి వరుసగా ఎల్లిగడ్డ పీకుతూ లోపలికి పోయాడు. పచ్చి ఆకు, పాలు కారే మెడలు, గడ్డ ఇంకా రెబ్బలుగా విడిపోక అంతా ఒకటిగా అతుక్కొని ఉన్నది. పెరడంతా ఘాటు. నిర్మలాదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని బావి గట్టు మీద నిలబడింది, ఒక్క మొక్క మిగలకుండా చూడాలని.

మడి నడుమకు వచ్చి రాయమల్లు ఆగిపోయాడు. వంగినవాడు మెల్లగా లేచి, చెప్పులు విడిచి గట్టు మీద పెట్టాడు.

“ఏమైంది?”

“ఇటు రాండ్రి దొరసానీ.”

ఆకు గుబురులో, బయటికి కనబడకుండా, ఇంకో రాయి. మూలల రాళ్లకంటే కొంచెం పెద్దది. సున్నం మీద పసుపు, పసుపు మీద కుంకుమ. ముందు ఒక మట్టి ప్రమిద, వాడిన బంతిపువ్వు.

“హద్దురాయి నడుమ ఎందుకుంటది దొరసానీ,” అన్నాడు రాయమల్లు. అతని గొంతు తగ్గింది. “ఇయి పాండవులు. మా అక్కను బోథ్ దిక్కు ఇచ్చిండ్రు, ఆడ సూసిన. నలుగురు నాలుగు మూలల కావలి, ధర్మరాజు నడుమ. ఏదన్న మొక్కు ఉంటే పెడుతరు. పంట ఎల్లేదాక వాళ్ల పేరు ఎత్తరు. ఎత్తితే మొక్కు చెల్లదంటరు.”

“మొక్కా? దేనికి?”

“మనింట్ల మొక్కుకునే పని ఇంకేమున్నది? బిడ్డమ్మ కాన్పే కద.”

సగం వద్దు, అంతా ఇక్కడే ఉండనీయమన్నది బిడ్డ బాలింత తిండికేనని నిర్మలాదేవికి తట్టింది. రాయమల్లు పెంటకుప్ప వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. రాయి చుట్టూ పది పన్నెండు మొక్కలు మిగిలాయి. “ఇయి నేను పీకలేను,” అన్నాడు. పీకమని ఆమె కూడా అనలేదు.

అయినా అనుమానం అంత తొందరగా చస్తుందా? దేవుణ్ణి అడ్డం పెట్టుకొని జాగాలు కలుపుకునేవాళ్లు లేరా లోకంలో అని ఆ రాత్రి మళ్లీ ఒకసారి అనుకుంది నిర్మలాదేవి. అనుకొని, తన మీద తనకే సిగ్గు వేసి పక్కకు తిరిగి పడుకుంది.

అనుకున్నదానికంటే ముందే, రెండు రోజులకే పట్వారీ వచ్చాడు. భోజనమైంది. అతని వెంట వచ్చిన వాళ్లు పదిమంది బావి దగ్గర చేతులు కడుక్కొని, నిరుటి లాగానే ఎల్లిమడి మీద అడ్డంగా నడిచారు. తుమ్మకంప ఎందుకో, పట్వారి ఎప్పుడొస్తాడని బుచ్చవ్వ ఎందుకు అడిగిందో, నిర్మలాదేవికి అప్పుడు తెలిసింది. తలుపు చాటు నుంచే పట్వారీని అడిగింది, పెరట్లో ఎవరైనా ఏమైనా పెట్టుకుంటే వాళ్ల పేరు ఎక్కుతుందా అని.

పట్వారీ తమలపాకు నములుతూ నవ్వాడు. “ఇంటి పెరడు పహాణీల ఎక్కదు దొరసానమ్మా. అది ఆబాది, ఊరి ఇండ్ల జాగ. మీ పెరట్ల బీరతీగ పెడితే దానికి నేను కాస్రా రాయాల్నా?” బయటికి వెళ్లి చావడిలో కూడా ఈ మాట చెప్పి నవ్వాడు. పొద్దుగూకేసరికి ఊరంతా నవ్వింది.

బుచ్చవ్వ చెప్పినట్టే మూడో రోజు పొద్దుగూకే వేళకు వచ్చింది. మూట దించకుండానే పెరట్లోకి పోయింది. నిర్మలాదేవి కిటికీ వెనుక నిలబడి చూసింది. తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. ఏడిస్తే బాగుండుననుకుంది. బుచ్చవ్వ ఏదీ చేయలేదు. పెంటకుప్ప మీది నాలుగు రాళ్లు ఏరి, బావి దగ్గర కడిగి, కొంగులో వేసుకుంది. నడుమ రాయిని ముట్టలేదు. దాని చుట్టూ పంట ఇంకా నేలలోనే ఉన్నది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. తెల్లవారి వడ్లు దంచడానికి రాలేదు. ఆ తెల్లవారీ రాలేదు.

శివరాత్రి వెళ్లి ప్రమోదిని బండి దిగింది. దిగుతూనే తల్లిని, “బుచ్చవ్వ ఏది అవ్వా?” అని అడిగింది.

“పానం బాగలేదట. వస్తది.”

నాలుగు రోజులు అదే మాట చెప్పింది. ఐదో రోజు ప్రమోదిని ముఖం చూడలేక, దొరసాని గడప దాటి బుచ్చవ్వ గుడిసెకు నడిచింది. ఆ వాడలో ఆమె కాలు పెట్టడం అదే మొదలు. బుచ్చవ్వ లేచి చాప పరిచింది. నిర్మలాదేవి కూర్చోలేదు.

“తప్పయింది బుచ్చవ్వా. అడిగితే నువ్వన్న చెప్పకపోతివి.”

“చెప్పద్దు గనుక చెప్పలే. ఆరేండ్ల సంది మీ బీరువ తాళం నా బొడ్లె ఉన్నది దొరసానీ. గుంటెడు జాగ దాకొచ్చేసరికి దొంగనైతినా?”

నిర్మలాదేవి గడప వైపు తిరిగింది. “బిడ్డ పరేషాన్ అయితుంది,” అన్నది చివరికి.

“నొప్పులొస్తే కబురు పంపుండ్రి. రానని నేననలే.”

ఆ మాట పట్టుకొని ఇంటికి వచ్చింది. వచ్చింది గానీ గుండె కుదుటపడలేదు. చేసిన తప్పు తనదైతే అనుమానం రెండింతలవుతుంది. నిజంగా వస్తుందా? ఆ రోజు చూసుకొని నిర్మల్ పోతే? వచ్చినా, ఇంత మనసు విరిగిన మనిషి చేతుల్లో బిడ్డను పెట్టవచ్చునా? ఎల్లిగడ్డ పీకినంత తేలిక కాదు కదా ఇది. దూలానికి కట్టించిన పచ్చి ఎల్లిగడ్డ రోజుకింత నల్లబడుతున్నది. దాని వాసన కింద నిలబడి ఆమె ఈ లెక్కలన్నీ వేసేది.

కామునిపున్నమి వెళ్లిన మూడో రోజు పొద్దున ప్రమోదినికి నొప్పులు మొదలయ్యాయి. రాయమల్లు ఉరికాడు. అతను తిరిగి వచ్చే లోపల నిర్మలాదేవి పదిసార్లు వాకిట్లోకి వచ్చింది. బుచ్చవ్వ వచ్చింది. చేతులు కడుక్కొని, లోపలి గడప దగ్గర ఆగింది.

“లోపలికి రావాల్నా దొరసానీ? కూసుంటే ఇల్లు గుడ నా పేర ఎక్కుతదేమో, సూసుకోండ్రి.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నిర్మలాదేవికి ఎక్కడో ఒక మాట దొరికేది. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపలి నుంచి ప్రమోదిని, “బుచ్చవ్వా, వచ్చినవా,” అని ఏడుస్తూ అన్నది. “వచ్చిన బిడ్డా, ఫికర్ చెయ్యకు,” అన్న ఆ గొంతు వేరు. గడప అవతల వదిలేసి వచ్చిన గొంతు కాదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. తలుపు బయట నిర్మలాదేవి గోడకు ఆనుకొని కూలబడి, పమిట నోట్లో కుక్కుకొని, పిల్లకంటే ఎక్కువ ఏడ్చింది. కొంతసేపటికి బుచ్చవ్వ పిల్లను తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. తన మూటలోంచి రంగులు వేసిన ఒక కొయ్యచిలుకను తీసి ఇచ్చింది. నిర్మల్ బొమ్మ. తొట్టెకు కట్టేది.

“దీనికే పోయిన ఆ పొద్దు. పుట్టకముందు తొట్టె సామాను పేరెత్తద్దు గనుక చెప్పలే.” ఆ తర్వాత మామూలుగా, “ఎల్లిగడ్డ ఏది? నెయ్యి కాచుండ్రి,” అన్నది.

దూలం మీది కట్ట దింపించారు. పొర లేని గడ్డలు చేతిలోనే నలిగిపోయాయి. సగం బూజు, సగం బెండు. నిర్మలాదేవి గునపం పట్టుకొని పెరట్లోకి పోయింది. రాయి చుట్టూ ఆకు పండి వాలిపోయి ఉన్నది. తన చేతులతో పన్నెండు గడ్డలు తవ్వింది. బుచ్చవ్వ వాటిని ఆరబెట్టి, రోజూ కొన్ని రెబ్బలు వలిచి నేతిలో వేయించి ప్రమోదినికి పెట్టింది. పదిహేను రోజుల్లో అయిపోయాయి.

“విత్తనానికి?” అని అడిగింది నిర్మలాదేవి, ఆఖరి గడ్డ వలుస్తుంటే.

“ఏడున్నది విత్తనం? నిరుటి నా సగం గుడ ఈ మడికే విత్తనమాయె.”

“మీ తల్లిగారింట్ల దొరకదా?”

“మా అవ్వ పోయినంక అక్కడెవలు పెడుతలేరు. ఉన్నదంత మీ పెరట్లనే ఉండె.”

నిర్మలాదేవి వలిచిన పొట్టు పోగు చేసింది. “ఆ జాగ నువ్వే ఉంచుకో బుచ్చవ్వా. ఏమన్న పెట్టుకో. దొరతోని చెప్పి నీ పేరు మీద రాయిస్త.”

బుచ్చవ్వ మొదటిసారి నవ్వింది. “ఇంటి పెరడు పహాణీల ఎక్కదట గద దొరసానీ.”

ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగ చేశారు. చిలుకను తొట్టెకు కట్టి, పిల్లను పడుకోబెట్టి, బుచ్చవ్వ పెరట్లోకి పోయింది. పంట అంతా వెళ్లింది కనుక ఇక కదిలించవచ్చు. నడుమ రాయిని తీసి, కడిగి, కొంగులో కట్టుకొని వెనుక దారిన బయటికి నడిచింది. నిర్మలాదేవి కిటికీ దగ్గర నిలబడి చూసింది. పిలిచి, ఆ రాయి ఇక్కడే ఉండనీయమని అడుగుదామనుకుంది. ఆ జాగా తనదే, రాయి మాత్రం తనది కాదు.